సంపెంగ మీద మూటలు

"పైన ఏవో మూటలు కట్టున్నాయండి. ఈ చెట్టు మేం కొట్టమండి," అంటూ రంపం పట్టుకున్న మనిషి సంపెంగ చెట్టు దిగిపోయాడు.

కనకమహాలక్ష్మి తలెత్తి చూసింది. ఆకుల మధ్య నల్ల కవరు చుట్టి, పురికొసతో బిగించిన మూటలు మూడు.

అత్తగారు తన చేత్తో పాతిన చెట్టది. కొట్టించడం కనకమహాలక్ష్మికి ప్రాణం మీదికి వచ్చినట్టే ఉంది. కానీ దాని నీడకి ఇంటిముందు పచ్చికంతా పాచి పట్టేస్తోంది. మోకాలి ఆపరేషన్ అయిన భర్త శివనాగరాజు రోజూ నడవాల్సింది ఆ పచ్చిక మీదే. ఒకసారి జారనే జారాడు. తోటపని చేసే జోజి రెండు నెలలుగా వారం వారం వచ్చి పాచి గీకి, గోనెలో పట్టుకెళ్తున్నాడు. వారం తిరిగేసరికి మళ్ళీ మామూలే. ఆ పాచిని ఆవిడ తిట్టని తిట్టు లేదు. నీడ పోతేగాని పాచి పోదని మొదటిరోజే చెప్పింది కూడా జోజే.

"మీరు జారింది పాచి వల్ల కాదండీ. ఎవరో మనకేదో చేయించేరు," అంది భర్తతో.

అంతలో గేటు తీసుకుని జోజి వచ్చాడు. రంపం వాళ్ళు అనుకున్న వేళకన్నా ముందే వచ్చేసినట్టున్నారు. సంగతి విని తల దించుకున్నాడు.

"ఆయ్, అవి నేను కట్టినవేనండి."

ఆవిడ జోజి వైపు తిరిగింది. వారం వారం తన చేతి కాఫీ తాగిన మనిషి.

"మీకు మేమేం అన్యాయం చేసేమండీ, జోజి గారూ?"

జోజి చెట్టెక్కాడు. ఒక మూటకి కాస్త దిగువన కొమ్మ కోసి, పసిబిడ్డని దింపినట్టు దింపాడు. పురికొస విప్పి కవరు తీశాడు. లోపల తడి ముద్దలోంచి తెల్లటి వేళ్ళు బయటికొచ్చి ఉన్నాయి.

"అంటు కట్టేనండి. చెట్టు తీసేయాలనగానే మీరు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు కదండీ. వేళ్ళు వస్తాయో రావోనని ముందు చెప్పలేదండి. పెరట్లో పాతుకోండి, అక్కడ నీడ పడినా ఎవరూ జారరు."

ఆవిడ అందరి ముందూ చేతులు జోడించేసింది. అనుమానించినందుకు క్షమించమంది, ఈ మేలు బతికున్నన్నాళ్ళూ మర్చిపోనంది. రంపం మనిషి కూడా తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు.

శివనాగరాజు ఆ తడి ముద్దని వేలితో తాకి చూశాడు.

"అంత ఎత్తున రెండు నెలలు తడారకుండా ఎలా ఉందండీ? రోజూ ఎక్కి నీళ్ళు పోసేరా?"

"నీళ్ళెందుకండి, అది తడి వదలదండి," అన్నాడు జోజి. "చుట్టింది మీ పచ్చికలో గీకిన పాచేనండి."