మిరపకాయల శుక్రవారం

"నాలుగోసారి పిన్నీ! నాలుగోసారి కూడా ఒక్కడంటే ఒక్కడు సంతకం పెట్టలేదు!" మేయర్ లచెజార్ ఫైలును బల్ల మీద విసిరికొట్టాడు.

బల్గేరియాలోని ఆ చిన్న ఊరి మునిసిపాలిటీలో ఏ కాగితమైనా తొమ్మిది గదులు తిరగాలి, తొమ్మిదిమంది అధికారుల సంతకాలు పడాలి. ఆ గదులన్నీ ఎత్తేసి జనానికి ఒకే కిటికీ పెడదామని మేయరు ఉత్తర్వు రాశాడు. దాని మీదా ఆ తొమ్మిదిమందే సంతకం చేయాలి. కూర్చున్న కొమ్మను నరుక్కోడానికి వాళ్లేమన్నా వెర్రివాళ్లా?

ఎదురుగా నిలబడ్డ దోన్కా ఇరవై ఆరేళ్లుగా గది నుంచి గదికి ఫైళ్లు మోస్తోంది. గదులు పోతే ముందు ఊడేది ఆమె ఉద్యోగమే. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

"మీటింగులు పెట్టి చదివి వినిపిస్తే ఎవడు పెడతాడు బాబూ? నాకివ్వు. శుక్రవారం మధ్యాహ్నం తిప్పుకొస్తా."

"శుక్రవారమా? ఆ పూట ఇక్కడ ఎవడి మనసు పనిమీద ఉంటుంది?"

"అందుకే మరి."

సెప్టెంబరు నెల. ఊరంతా పెద్ద ఎర్ర మిరపకాయలు కాల్చి, చలికాలానికి సీసాల్లో పచ్చడి పట్టే రోజులు. శుక్రవారం రెండయ్యేసరికి అధికారుల ప్రాణాలన్నీ పెరట్లో పొయ్యి దగ్గరే ఉన్నాయి. దోన్కా సెలవు చీటీల మధ్య ఉత్తర్వును దోపి బయల్దేరింది.

"ఏంటివి దోన్కా?" పన్నుల అధికారి కోటు తొడుక్కుంటూ అడిగాడు.

"మామూలు కాగితాలే సార్. మీ అత్తగారు అప్పుడే పొయ్యి రాజేసింది, వస్తూ చూశా."

"అమ్మో, చంపేస్తుంది! ఎక్కడ పెట్టాలి, ఇక్కడా?"

మిగతా ఎనిమిది గదుల్లోనూ అదే తంతు. మూడింటికల్లా పని అయిపోయింది.

మేయరు గంతేసినంత పని చేశాడు. "చదవకుండానే పెట్టేశారా? సన్నాసులు! సోమవారం వాళ్ల మొహాలు చూడాలి పిన్నీ!"

అంతలో ఫోను మోగింది. "ఆఁ, వచ్చేస్తున్నా. కాయలు తిప్పుతూ ఉండు, మాడనివ్వకు!" అని భార్యకు చెప్పి, కలం తీశాడు. "నేనెక్కడ పెట్టాలి?"

"ఇక్కడ బాబూ... ఇక్కడొకటి... ఈ అడుగుదాని మీద కూడా."

సోమవారం తొమ్మిది గదులకూ తాళాలు పడ్డాయి. మేయరు హుషారుగా కొత్త కిటికీ దగ్గరికొచ్చి, లోపల పెద్ద కుర్చీలో కూర్చున్న మనిషిని చూసి బిత్తరపోయాడు.

"పిన్నీ! నిన్ను ఇక్కడ అధికారిగా వేసిన సన్నాసి ఎవడు?"

దోన్కా నియామకపు ఉత్తర్వు తీసి, అడుగున ఉన్న మేయరు సంతకం మీద వేలు పెట్టింది.