సాం బిలాన్‌లో ఆదివారాలు

“ఏటి బావా, మొహం అలగైపోయింది? నువ్వు తిరిగిన దేశపోణ్ని తీసుకొస్తే సంతోషించవేటి?”

గుమ్మంలో త్రినాథరావు పళ్లికిలిస్తున్నాడు. అతని వెనక ఒక పొడుగాటి తెల్లవాడు వరండా మెట్ల దగ్గరే ఆగిపోయాడు. మెట్టు మీద వీధికుక్క ఒకటి ఆవులిస్తోంది. ఉషారాణి వచ్చి దాన్ని అదిలించాకే అతను లోపల అడుగుపెట్టాడు.

చంద్రమౌళి చేతిలోని మంచినీళ్ల చెంబు భార్య ఉషారాణి చేతికిచ్చేశాడు.

వచ్చినవాడి పేరు మోరో. ఫ్రాన్స్ ఇంజనీరు. కొత్త యంత్రాలు బిగించడానికి బిలాస్‌పూర్ లోకోషెడ్‌కి వచ్చాడు. ఆ షెడ్‌లో చంద్రమౌళి ఫోర్‌మన్. మూడేళ్ల కిందట రైల్వేవాళ్లు చంద్రమౌళిని ట్రైనింగ్‌కి ఫ్రాన్స్ పంపారు. వెళ్లినవాడు యంత్రాల సంగతి తెచ్చాడో లేదో గాని, ఒక కథ మాత్రం తెచ్చాడు. ట్రైనింగ్ జరిగిన ఫ్యాక్టరీకి దగ్గర్లో ద్రాక్షతోటల మధ్య ఒక చిన్న పల్లె. మనిషి అలికిడి ఉండదు. సైకిల్ రాని చంద్రమౌళి అక్కడే నేర్చుకుని, ఆదివారమల్లా ఆ తోటల చుట్టూ తిరిగేవాడట.

నిజానికి ఆ పల్లెను అతను బస్సు కిటికీలోంచి చూశాడు. సైకిల్ ఇప్పటికీ రాదు. షెడ్‌లో సైరన్ మోగితే కాలనీ మొత్తం సైకిళ్ల మీద డ్యూటీకి పోతుంది. అతనొక్కడే టిఫిన్ క్యారియర్ ఊపుకుంటూ నడిచిపోతాడు. అడిగినవాళ్లతో, “ఆ రోడ్ల మీద తొక్కాక ఈ గోతుల్లో తొక్కబుద్ధి కాదు” అంటాడు.

అబద్ధం మొదలైంది కూతురు స్వాతి కోసమే. సైకిల్ నేర్చుకుంటూ పడి, మోచెయ్యి విరగ్గొట్టుకుని, మళ్లీ ముట్టనని ఏడుస్తుంటే, “ఈ వయసులో నేను నేర్చుకున్నాను, నీకేం తల్లీ?” అన్నాడు. పిల్ల కళ్లు తుడుచుకుని లేచింది. ఇప్పుడు కాలేజీకి సైకిల్ మీదే వెళుతుంది. ఆ రోజు ఊరి పేరడిగితే అతనికి తోచలేదు. అక్కడ చాలా ఊళ్ల బోర్డులు సాం అంటూ మొదలయ్యేవి. దానికి బిలాస్‌పూర్ ముక్క ఒకటి తగిలించి “సాం బిలాన్” అన్నాడు.

కాలనీలో అందరూ నమ్మారు, ఉషారాణి అన్నయ్య త్రినాథరావు తప్ప. గూడ్స్ గార్డు. లెక్క తప్పితే బండి కదలనివ్వడు.

“స్వాతమ్మా, నువ్వే మధ్యన ఉండి చెప్పాల,” అన్నాడు త్రినాథరావు బల్ల మీది విస్తరి ముందు కూర్చుంటూ. “మీ నాన్న చేత చెప్పిస్తే ఉప్పూకారం కలిపేస్తాడు.”

“మామయ్యా, మీకు జలన్, ఒట్టి కుళ్లు,” అంది స్వాతి. “అడగండి, ఏం కావాలో.”

“సాం బిలాన్ అని ఊరుందా?”

స్వాతి ఇంగ్లీషులో అడిగింది. మోరో చెంచా ఆగింది. అతను స్వాతిని చూశాడు. తల ఎత్తకుండా అన్నం కలుపుతున్న చంద్రమౌళిని చూశాడు. కలిపిందే కలుపుతున్నాడు చంద్రమౌళి. కూతురి నోటితోనే తన పరువు పోబోతోంది.

“సాం బిలాన్ తెలియకపోవడమేమిటి?” అన్నాడు మోరో. “మా అమ్మమ్మ ఊరు దాని పక్కనే.”

చంద్రమౌళికి పొలమారింది. ఉషారాణి నెత్తిమీద తట్టింది.

త్రినాథరావు వదల్లేదు. “అచ్ఛా, ఊరుంది. మరి గేటో? రైలుగేటు పడితే సైకిల్ వంచి కిందనుంచి దూరెళ్లిపోయేవోణ్నన్నాడు. మన బిలాస్‌పూర్‌లో చేస్తారు ఆ దొంగపని. అక్కడ చేస్తారేటి?”

ఇక్కడ రోజూ చూసే వేషాన్నే, ఆలోచించకుండా అక్కడికి ఎక్కించేశాడు చంద్రమౌళి.

మోరో మూతి తుడుచుకున్నాడు. “మా వైపు అందరిదీ అదే పని. గేట్‌మన్ తిట్టేవాడు కూడా.”

“చూశారా!” అని ఎగిరింది స్వాతి.

త్రినాథరావు అప్పడం విరిచి పక్కన పెట్టాడు. “తప్పయిపోయింది బావా. మూణ్నాలుగు చోట్ల నీ గురించి అడ్డంగా వాగేశాను కూడాను.”

“వాగితే వాగావులే. పులుసు పోసుకో,” అన్నాడు చంద్రమౌళి గంభీరంగా.

“నాన్నా, అంకుల్‌కి ముసలమ్మ కథ బోలో నా!”

తప్పలేదు. సైకిల్ ఆపి దాహమడిగితే తోటలో ముసలమ్మ ద్రాక్షసారా గ్లాసు చేతికివ్వడం, తను దండం పెట్టి మంచినీళ్లే తాగడం చెప్పాడు చంద్రమౌళి. ఆ చివరిముక్క ఉషారాణి కోసం. మోరో మోచెయ్యి బల్లకానించి, పాఠం వింటున్నట్టు విన్నాడు.

“సైకిల్ ఏ రంగు?” అన్నాడు.

“ఆకుపచ్చ... కాదు, ఎరుపు.”

“ఎరుపు,” తేల్చేశాడు మోరో. “ఒకటే రంగుండాలి.”

“మీరూ ఇక్కడ ఆదివారాలు తిరుగుతారా అంకుల్?” అంది స్వాతి. “ఈ పక్కనే పులులుండే అచానక్‌మార్ అడవి చూశారా?”

మోరో తన ఫ్లాస్క్‌లోని కాచిన నీళ్లు తాగి, ఇంకాస్త పులుసు అడిగాడు.

భోజనాలయ్యాక చంద్రమౌళి అతన్ని జీపుదాకా సాగనంపాడు. చక్రం నీడలో ఇందాకటి కుక్కే పడుకుని ఉంది. మోరో చంద్రమౌళి భుజం పట్టుకుని, అతని చాటున ఆగాడు.

“సార్,” అన్నాడు చంద్రమౌళి తన షెడ్డు ఇంగ్లీషులో. “సాం బిలాన్...”

“అలాంటి ఊరు లేదు.”

“మరి నా పరువు ఎందుకు కాపాడారు?”

మోరో వరండాకేసి చూశాడు. స్వాతి చెయ్యి ఊపుతోంది. అతనూ ఊపాడు.

“వచ్చే నెల మా అమ్మ వస్తోంది,” అన్నాడు. “ప్రతి ఆదివారం మా షెడ్ ఫోర్‌మన్‌తో కలిసి సైకిల్ మీద అచానక్‌మార్ అడవంతా తిరుగుతున్నానని, పులిని కూడా చూశామని రాశాను.”

జీపెక్కి, కుక్కకు అందకుండా కాళ్లు పైకి లాక్కున్నాడు.

“పులి పొడుగెంతో ఇప్పుడే తేల్చుకుందాం.”