మనామాలో కిలో ఉల్లిగడ్డ

మొదటి దెబ్బ ఉల్లిగడ్డల దగ్గర పడింది.

"కిలో మూడు వందల ఫిల్స్," అంది ఫోన్‌లోని గొంతు. సాగర్ చెయ్యి ఉమారాణి వీపు మీద దభీమని దిగింది. ఆ రేటు ఆమే పెట్టినట్టు.

ఫోన్, దాన్ని వినిపించడానికి పైకొచ్చి కూర్చున్న కింది కిరాణా దుకాణం సలావుద్దీన్‌ది. గొంతు ఆయన కొడుకు సమీర్‌ది. సమీర్ బహ్రెయిన్‌లో, మనామాలో ఉంటాడు. వారంలో సాగర్ కూడా అక్కడికే పోతున్నాడు. ఏసీల కంపెనీలో సూపర్‌వైజర్ పని. నెలకు నాలుగు వందల దినార్లు, రెండేళ్లు కదలడానికి వీల్లేని అగ్రిమెంటు. భార్య ఉమారాణిని తీసుకుపోతే వంటకు, బట్టలకు తిప్పలుండవు. అందుకే అక్కడి ధరలు వాయిస్ మెసేజ్‌లో చెప్పి పంపమని సమీర్‌ను అడిగాడు. వాటిని సిరిసిల్ల ధరల పక్కన పెట్టి లెక్క చెప్పడం ఉమారాణి పని. ఆమె బీకాం చదివింది.

తీసుకుపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మొన్న ఆమె జుట్టు పిడికిట పట్టుకుని అతనే చెప్పాడు.

"ఆడ ఐదో అంతస్తుల ఏసీ రూము. నువ్వెంత ఒర్రినా ఎవ్వడు తలుపు కొట్టడు."

ఇక్కడ కొడతారు. పైన చప్పుడైతే సలావుద్దీన్ మెట్లెక్కి వచ్చి అప్పుగా చక్కెర అడుగుతాడు. కింద దుకాణం నిండా ఆయనకు చక్కెర బస్తాలే. ఆ సంగతి ఎవరూ ఎత్తరు. పక్కింట్లో రోజంతా సాంచాలు నడుస్తాయి. ఉమారాణి అరుపు వినబడితే ఆ ఆసామి మగ్గాలన్నీ ఒక్కసారిగా బందు పెడతాడు. వాడ అంతా నిశ్శబ్దమయ్యేసరికి సాగర్ చెయ్యి కూడా కాసేపు ఆగుతుంది.

అత్త ఐలవ్వ మాత్రం తల ఎత్తదు. గోడకు ఆనుకుని, ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతూనే ఉంటుంది. ఆమె ఎడమ మణికట్టు వంకర. మెట్ల మీద జారిపడ్డానని వాడలో చెప్పుకుంది.

"మూడు వందల ఫిల్స్ అంటే మూడు దినార్లు," అన్నాడు సాగర్. దుబాయిలో ఆరేళ్లు చేసివచ్చిన మనిషి. వంద ఫిల్స్‌కు ఒక దిర్హం లెక్కన ఆరేళ్లు బతికాడు. ఫిల్స్ సంగతి అతనికి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. "మన పైసలల్ల ఎంతే?"

"ఏడు వందల దాక అయితది."

"ఈడ ముప్పై రూపాలకు దొరుకుతది."

సమీర్ చెబుతూ పోయాడు. టమాటలు కిలో నాలుగు వందల ఫిల్స్. లీటరు పాలు ఐదు వందలు. సాగర్ అడగడం, ఆమె లెక్కగట్టి చెప్పడం, అతను కొట్టడం. రోజుకో లీటరు చొప్పున నెలకు పాలకే నూట యాభై దినార్లని చెప్పేసరికి ఆమె పెదవి చిట్లింది. ఇంటి కిరాయి కూడా నూట యాభై దినార్లేనని సమీర్ అన్నాడు.

"కిరాయంత పాలకేనా?" సాగర్ ఆమె మెడ పట్టి గోడకు నొక్కాడు. "తప్పు జేసినవ్. మళ్ల చెయ్యి."

సలావుద్దీన్ లేచి నడుమకు వచ్చాడు. సాగర్ మోచెయ్యి ఆయన ముక్కుకు తగిలింది. తెల్లగడ్డం మీదికి నెత్తురు కారింది.

ఉమారాణి మళ్లీ లెక్క చూసింది. అంతలో ఆమెకు ఏదో తట్టింది. లెక్క తప్పని రేపు తేలితే ఆ దెబ్బలు కూడా తనకే. గబగబా నోరు తెరిచింది.

"ఒక్క నిమిషం. ఆడ గట్ల గాదు..."

చెంప పగిలింది.

ఈసారి కొట్టింది సాగర్ కాదు. చాట బోర్లా పడి తంబాకు నేలంతా చిందింది. ఐలవ్వ నిలబడి ఉంది. పెళ్లయిన మూడేళ్లలో ఆమె కోడలి మీద చెయ్యెత్తడం అదే మొదలు.

"మొగోడు మాట్లాడంగ నడుమ నీ నోరేంది?"

సాగర్ నవ్వాడు. ఉమారాణి మెడ వదిలేశాడు.

"అమ్మా, నువ్వు ఆ బహ్రెయిన్లనే తొమ్మిదేండ్లు అరబ్బులింట్ల వండి పెట్టినవ్. నువ్వు జెప్పు. గింత పిరమా?"

"పిరమే కొడుకా. సుట్టు సముద్రం, నడుమ ఇసుక. ఏం పండుతది? అన్ని బయటికెల్లే రావాలె." ఐలవ్వ కూర్చుని తంబాకు చాటలోకి ఎత్తుకోసాగింది. "దీన్ని దీస్కపోతె నీ జీతం దీని కడుపుకే సాలదు. నాకాడ పడేసి పో. బీడీలన్న సుడుతది."

సాగర్ సలావుద్దీన్ వైపు తిరిగాడు. "నువ్వేమంటవ్ చిచ్చా?"

ఆయన రుమాలు ముక్కుకు అదుముకుని ఉన్నాడు. ఐలవ్వ వైపు ఒకసారి చూశాడు.

"అక్కకు తెల్వనిదా," అన్నాడు, ఫోన్ జేబులో పెట్టుకుంటూ.

వారం తిరిగాక సాగర్ ఒక్కడే హైదరాబాద్ బస్సెక్కాడు. ఎక్కేముందు కూడా, బ్యాగు జిప్పు తెగిందని, ఉమారాణిని బస్టాండులో నలుగురి ముందు కాలితో తన్నాడు.

ఇంటికి వచ్చాక ఐలవ్వ ఉప్పు వేయించి గుడ్డలో మూట కట్టింది. వంకర చేత్తోనే కోడలి నడుముకు కాపడం పెట్టింది. పక్కింట్లో సాంచాలు ఆగకుండా నడుస్తున్నాయి.

ఉమారాణి గోడ వైపు తిరిగి పడుకుంది.

"ఆయన దెబ్బలు నాకు అలవాటే అత్తమ్మా," అంది. "ఆనాడు మీరెందుకు కొట్టిన్రు?"

ఐలవ్వ మూటను మళ్లీ పెనం మీద అద్ది, వేడి తన చెంపకు ఆనించి చూసుకుంది.

"దినారుకు వంద గాదు, వెయ్యి ఫిల్స్ అని వానికి జెప్పవోయినవ్ గద, బిడ్డా."