పక్క కౌంటర్ మొగుడు

సరిగ్గా పదకొండింటికి పక్క కౌంటర్‌లో ఫోన్ మోగింది. పార్శిళ్లావిడ చేతిలో ఉన్న పార్శిల్ మీద ముద్ర ఠపీమని గుద్దింది.

పోస్టాఫీసులో ఆవిడది పార్శిళ్ల కౌంటర్. పక్కన స్టాంపులు అమ్మే అమ్మాయి. ఆ అమ్మాయికి గంటకోసారి మొగుడు ఫోన్ చేస్తాడు. ఎక్కడున్నావు, తిన్నావా, ఎవరితో మాట్లాడుతున్నావు. అందుకే ఆఫీసులో ఆయనకి గంటల బాబు అని పేరు పడిపోయింది. పొద్దున గేటు దాకా దింపేదీ ఆయనే, సాయంత్రం ఐదుకి ముందే వచ్చి బెంచీ మీద కాచుక్కూర్చునేదీ ఆయనే. ఆమె వేసుకునే బట్టలు కూడా ఆయనే ఎంచి పెడతాడట.

"పెట్టిపుట్టావే తల్లీ!" అనేది పార్శిళ్లావిడ, పైకి నవ్వుతూ.

ఆ అమ్మాయి తల వంచుకుని స్టాంపులు లెక్కపెట్టుకునేది. ఎంత గర్వమో అనుకునేది ఈవిడ.

ఈవిడకీ ఉన్నాడు ఒక మొగుడు. ఏం అడిగినా "నీ ఇష్టం" అంటాడు. ఊరెళ్తానన్నా నీ ఇష్టమే, జుట్టు కత్తిరించుకుంటానన్నా నీ ఇష్టమే. ఒకరోజు కావాలనే రెండు గంటలు ఆలస్యంగా ఇంటికెళ్లింది. ఆ మహానుభావుడు తను తినేసి, ఈవిడ వాటా మీద మూత పెట్టి, హాయిగా టీవీ చూస్తున్నాడు.

"ఇంతసేపూ ఎక్కడ చచ్చావని కూడా అడగవా?" అని అరిచింది.

"అడిగితే కోప్పడతావేమోనని..." అన్నాడు పాపం.

ఆ మాటకి ఆవిడకి ఏడుపొచ్చింది.

మొన్నామధ్య స్టాంపుల అమ్మాయి కుడి చెయ్యి విరిగింది. స్టూలెక్కి సామాను దింపుతూ పడిందట. వారం రోజులపాటు గంటల బాబు మధ్యాహ్నం సెలవు పెట్టి మరీ వచ్చి, భోజనాల గదిలో అందరి ముందూ చెంచాతో తినిపించాడు. మూతి కూడా తుడిచాడు. పార్శిళ్లావిడ తన డబ్బాకి మూత బిగించి లేచిపోయింది. ఆ విరిగేదేదో తన చెయ్యే విరిగి ఉండకూడదా అనిపించింది.

ఆ తర్వాత మొదలయ్యాయి ఉత్తరాలు. ఆఫీసు అడ్రసుకి, స్టాంపుల అమ్మాయి పేరు మీద. పంపినవాళ్ల పేరు ఉండదు. ఎప్పుడూ ఒకటే చేతిరాత. ఆ అమ్మాయి సంచులు సర్దే గదిలోకి వెళ్లి చదువుకుని, ముక్కలు ముక్కలుగా చింపేసి వచ్చేది. వచ్చేటప్పుడు ముఖంలో కళ ఉండేది.

అర్థం చేసుకోలేకపోవడానికి పార్శిళ్లావిడ ఏమన్నా పసిపాపా? ఎవడో ఉన్నాడు! దేవుడిలాంటి మొగుణ్ణి ఇంట్లో పెట్టుకుని ఇదేం పోయేకాలం? తనకి ఒక్కడు కూడా సరైనవాడు దొరకలేదు, దీనికి ఇద్దరా?

శనివారం సాయంత్రం ఆ అమ్మాయి ఒక ఫారం తెచ్చి ఇచ్చింది. ఇల్లు మారినవాళ్లు నింపే ఫారం అది. దాన్ని బట్టి పాత ఇంటికి వచ్చే ఉత్తరాలను కొత్త చోటికి మళ్లిస్తారు. అలాంటివన్నీ ఉండేది పార్శిళ్లావిడ సొరుగులోనే.

"ఎవరికీ చూపించకండక్కా. మా ఆయనకి కూడా," అంది ఆ అమ్మాయి.

చూశావా, నేను అనుకున్నదే అనుకుంది ఈవిడ.

సోమవారం స్టాంపుల కౌంటర్ ఖాళీ. ఆఫీసు తలుపులు తీశారో లేదో గంటల బాబు దిగాడు. గడ్డం గీసుకోలేదు. చేతిలో ఇంత పెద్ద పూలగుత్తి.

"చెల్లెమ్మా, అది నన్ను వదిలేసి వెళ్లిపోయింది," అన్నాడు. "అది లేకుండా నేను ఒక్కరోజు ఉండలేను. ఎక్కడుందో చెబితే కాళ్లు పట్టుకునైనా తెచ్చుకుంటాను."

పార్శిళ్లావిడ మనసు కరిగిపోయింది. రేపు తను వెళ్లిపోతే తన మొగుడు ఇలా పరిగెత్తుకొస్తాడా? నీ ఇష్టం అంటాడు!

"రూల్స్ ఒప్పుకోవు అన్నయ్యగారూ," అంది. అంటూనే సొరుగు లాగింది. ఇంత ప్రేమని కాలదన్ని ఎవడి దగ్గరో కులుకుతుందా? కులకనిస్తానా! చీటీ మీద అడ్రసు రాసి చేతిలో పెట్టింది.

"అక్కడ ఇంకెవరైనా ఉంటే గొడవ పడకండి. ఆ అమ్మాయిని మాత్రం తీసుకొచ్చేయండి."

"నీ మేలు మరిచిపోను చెల్లెమ్మా."

పూలగుత్తి కౌంటర్ మీదే వదిలేసి గబగబా వెళ్లిపోయాడు. కంగారులో మరిచిపోయాడు పాపం అనుకుని, ఆవిడ దాన్ని నీళ్ల గ్లాసులో పెట్టింది. తన కౌంటర్ మీద పూలు ఉండటం అదే మొదటిసారి. ఆ పూటంతా ఆవిడ మనసు తేలిగ్గా ఉంది.

మధ్యాహ్నం పోస్ట్‌మాన్ పెద్దాయన ఉత్తరాలు పంచేసి వచ్చాడు. బల్ల మీదున్న ఫారం తీసి, కళ్లజోడు సర్దుకుని చదివాడు.

"అమ్మయ్య, చేరిపోయిందన్నమాట!" అన్నాడు.

"ఆ ఇల్లు మీకు తెలుసా బాబాయ్?"

"ఎందుకు తెలీదూ! ఏడేళ్లుగా ఆ వీధికి ఉత్తరాలు వేసేది నేనేగా. ఈ అమ్మాయి పేరు మీద వచ్చే ఉత్తరాలూ అక్కడివే."

"అయితే చెప్పండి," అంటూ పార్శిళ్లావిడ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఇంతకీ ఎవడు వాడు?"

పెద్దాయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఎవడూ లేడమ్మా, మొగుళ్లు చంపేస్తారని పారిపోయి వచ్చిన ఆడవాళ్లని దాచే ఇల్లది, మన పోస్టాఫీసువాళ్లకి తప్ప ఆ అడ్రసు బయట ఇంకెవరికీ తెలియదు."