ఏరేసిన నారు

మనవరాలు మిరప జన్యుపటాన్ని టమాటా పటం పక్కన పరిచింది. రెండింటిలోనూ జన్యువుల గుర్తులు ఇంచుమించు ఒకే వరుసలో ఉన్నాయి. మిరప వైపు ఒకచోట మాత్రం పెద్ద ఖాళీ.

"అక్కడ అడవి మిరప జన్యువున్న మొక్క ఒక్కటీ దొరకలేదు అమ్మమ్మా. పోలిక తేలకపోతే డిగ్రీ ఇవ్వరు. ఏడాది పనీ మళ్ళీ మొదటికొచ్చింది."

"పరీక్షకు కోసిన ఆకుల్లో ఏది ఎందులో కలిపేశావో! మీ మేడమ్ దగ్గర తప్పు ఒప్పుకున్నావా?"

"పొద్దున్నే ఒప్పుకున్నా."

"ఇంకేం, దిద్దుకో. ఏడుస్తూ కూర్చుంటే పటం నిండదు."

కాలేజీలో చోటు లేక, అడవి మిరపతో మామూలు మిరపను కలిపి తీసిన సంకర నారును పోయినేటి నుంచీ మా మేడ మీదే పెంచుతోంది. నీళ్ళు పోసే పని నాది. కొత్తగా విత్తిన ట్రేలో ఒక మొలక పీలగా, వంకరగా కనిపించింది. మంచివాటికి చోటివ్వాలని, ఎప్పటిలాగే దాన్ని లాగబోయాను.

వెనకే వచ్చిన మనవరాలు నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ అమ్మమ్మా. అడవి మిరప జన్యువుండేది ఆ బక్కవాటిలోనే."

మొలకను వదిలేశాను. పోయినేడు ఈ మేడ మీద నేను ఏరేసినవన్నీ బక్కవే.

"అవి పీకేసింది నేనని నీకు తెలుసా?"

"నిన్న నువ్వు బంతి నారు ఏరుతుంటే చూశాను. అప్పుడు అర్థమైంది."

"మరి మీ మేడమ్ దగ్గర ఏమని ఒప్పుకున్నావే?"

"తెలియక నేనే పీకేశానని."