కొట్టుగదిలో చోటు

"కొట్టుగదిలో చోటు లేదని ఎన్నిసార్లు చెప్పాలమ్మా," అంది ఇందిరమ్మ. "కాలు పెట్టే సందు లేదు. నీ ఉల్లిపాయలు నా నెత్తిన పెట్టుకోనా?"

"మీ నెత్తినెందుకు అత్తయ్యగారూ, గోడ వారన ఒక తడిక కట్టుకుంటాను," అంది సరోజిని.

"తడిక కడితే ఎలుకలు చేరతాయి."

"ఎలుకలు ఉల్లిపాయల జోలికి రావండీ."

"అదీ బందరు కాలేజీలోనే చెప్పారా?"

"లేదండీ. కాలేజీలో ఉల్లిపొర ఒక్కటి గాజుపలక మీద పెట్టి చూపించారు. మిగతా ఉల్లిపాయ ఈ ఇంటికొచ్చాకే చూశాను."

వసారాలో పడక్కుర్చీలో ఉన్న మావగారు శివరామయ్య కిసుక్కున నవ్వాడు. కళ్ళకి పొరలొచ్చి చూపు మందగించాక ఆయనకి మిగిలిన కాలక్షేపాలు రెండే. అత్తాకోడళ్ళ మాటలు వినడం ఒకటి, వీధిలో చెప్పుల చప్పుడు వినిపిస్తే "ఎవరది, భోంచేసి వెళ్ళండి" అని కేకెయ్యడం రెండోది.

ఘంటసాల పక్కనున్న ఆ ఊళ్ళో పెరట్లో ఉల్లి వేసినవాళ్ళు అంతవరకూ లేరు. ఆ నల్లమట్టిలో ఉల్లి ఊరదన్నారు. సరోజిని కాలవ పూడిక తీసిన ఒండ్రు గంపలతో మోసి మళ్ళు కట్టింది. ఊరింది. ఊరినా నిలవుండదన్నారు. అందరికన్నా గట్టిగా అన్నది ఇందిరమ్మే.

"వినాయక చవితి దాకా కుళ్ళకుండా ఉంచు, పెరడంతా నీ ఇష్టం. ఉంచలేకపోయావో, వచ్చే ఏడు అక్కడ గేదెకి పిల్లిపెసర చల్లిస్తాను," అని శివరామయ్య ఎదుటే పందెం కట్టింది.

సరోజిని మొగుడు అవనిగడ్డలో మాస్టారు. శనివారం వచ్చి సోమవారం వెళ్ళేవాడు. పందెం సంగతి విని, రెండు వైపులా తలాడించి, బస్సెక్కాడు.

కాడలు వాటంతటవే వాలేదాకా సరోజిని ఆగింది. పదిహేను రోజుల ముందే నీళ్ళు మానేసింది. పీకినవాటిని ఒక వరస కాడలు రెండో వరస పాయల మీద కప్పేలా పరిచి, పాయకి ఎండ తగలకుండా కాడ మాత్రం వాడేలా చూసింది. ఆ తర్వాత వారం నీడన. మెడ లావుగా ఉన్నవీ, గునపం తగిలినవీ కూరకి తీసేసింది. మిగతావి కాడలతో జడలల్లి బండిపాకలో దూలానికి వేలాడదీసింది.

"నా కూతురికి కూడా ఇంత శ్రద్ధగా జడ వెయ్యలేదు నేను," అంది ఇందిరమ్మ.

ఇందిరమ్మ బొడ్లో కొట్టుగది తాళంచెవి పగలూ రాత్రీ ఉండేది. ఆ గదిలోకి ఆవిడ తప్ప ఎవరూ వెళ్ళకూడదు. నలుగురి కంటా పడిన సరుకు నిలవదని ఆవిడ నమ్మకం. తనే వెళ్ళేది, లోపలినుంచి తలుపు వేసుకునేది, ఆ పూటకి కావలసిన బియ్యం కొంగు కింద పట్టుకొచ్చేది. వారానికోసారి మొవ్వలో చెల్లెల్ని చూసొచ్చినప్పుడు, చెల్లెలు కట్టిచ్చిన మూట కూడా తిన్నగా ఆ గదిలోకే వెళ్ళేది. ఆ వేసవిలో బంగారు గాజులు కూడా తీసేసింది. చెమటకి ఒరుసుకుంటున్నాయిట.

'ఇంత సంపద మీద కూర్చుని నాలుగు జడల ఉల్లిపాయలకి చోటివ్వదు' అనుకుంది సరోజిని. అత్తగారి పంతం ఆమెకి అర్థమైంది. ఉల్లి కుళ్ళాలి, కోడలు ఓడాలి, తాళంచెవి బొడ్లోంచి కదలకూడదు. సరే, చూద్దాం అనుకుంది.

మృగశిర జల్లులకి బండిపాక కారింది. జడలు వంటింట్లోకి మార్చింది. అక్కడ గంజి ఆవిరికి పాయలు చెమర్చాయి. వసారాలోకి మార్చింది. ప్రతి ఉదయం ఒక్కొక్క పాయా నొక్కి చూసింది, మెత్తబడ్డది కనిపిస్తే అప్పుడే తెంపేసింది. ఊళ్ళో కొన్న ఉల్లిపాయలన్నీ మొలకలెత్తినా ఆమెవి గట్టిగానే ఉన్నాయి.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం ఇందిరమ్మ "రేపు మొవ్వ వెళ్ళి చెల్లెల్ని చూసి రావాలి" అంటూండగానే బందరు వైపునుంచి మబ్బు కమ్మింది. ఈదురుగాలికి వసారా తాటాకు లేచిపోయింది. సరోజిని తడుస్తూనే జడలన్నీ దింపి, పొడిగుడ్డతో ఒక్కొక్కటీ తుడిచి గంపలకెత్తింది. కొట్టుగది తలుపు ముందు గంపలు పెట్టి నిలబడింది.

"తాళం ఇవ్వండి అత్తయ్యగారూ. ఈ ఇంట్లో పొడిగా ఉన్న నేల అదొక్కటే."

"చోటు లేదన్నానా?"

"ఇవ్వవే," అన్నాడు శివరామయ్య నడవలోంచి. "నాలుగు బస్తాలు పక్కకి జరిపితే చోటదే వస్తుంది. నేనే జరుపుతాను పద." కర్ర కోసం తడుముకుంటూ లేవబోయాడు.

"మీరు కూర్చోండి," అంది ఇందిరమ్మ గబుక్కున. తాళంచెవి తీసి కోడలి చేతిలో పెట్టింది. ఆవిడ గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు. "నువ్వొక్కదానివే వెళ్ళు. వెళ్ళగానే తలుపు వేసుకో."

గెలిచానన్న ఉత్సాహంతో సరోజిని గంప చంకనెత్తుకుని లోపలికి వెళ్ళింది. తలుపు వేసుకుంది.



"చోటు దొరికిందా అమ్మాయ్?" అని కేకేశాడు శివరామయ్య.

సరోజిని తలుపు ఓరగా తీసింది. ఇందిరమ్మ కొంగు కొస పిడికిట్లో బిగించి, ఆమె మొహంలోకే చూస్తోంది.

"ఎక్కడండీ మావయ్యగారూ," అంది సరోజిని. "అత్తయ్యగారు చెప్పింది నిజమే. కాలు పెట్టే సందు లేదు. ఎలాగో ఒకలా నేనే సర్దుతాను లెండి."

"మన కొట్టంటే మాటలా మరి," అని శివరామయ్య తృప్తిగా వెనక్కి వాలి, వానకి అరుగెక్కిన బాటసారినెవరినో భోజనానికి ఆగమని పిలిచాడు.

గదిలో ఒక్క గింజ లేదు.