గీత లేని రికార్డు

పాత గ్రామఫోన్ రికార్డులు కొని అమ్మే అతను కళ్ళను ఓ పట్టాన నమ్మడు. దీపం కింద వాలుగా పట్టి చూసినా, చెవులారా వింటేగానీ ఏ రికార్డు ఎంత బాగుందో చీటీ రాయడు.

ఆ రాత్రి దుకాణం మూశాక చేతికొచ్చిన రికార్డు అద్దంలా మెరిసింది. భూతద్దం పెట్టి వెతికినా గీత లేదు. ‘కొత్తదే’ అని రాయబోతూ ముల్లు పెట్టాడు.

టక్. ఒక చుట్టు తిరిగింది. మళ్ళీ టక్. గీత పడ్డ రికార్డు చుట్టుకోసారి అలాగే కొట్టుకుంటుంది. మరి గీతేదీ?

చిరాకేసి ముల్లు ఎత్తేశాడు. టక్. మిషను ఆపేశాడు. అదే లయలో మళ్ళీ టక్. ఈసారి పైనుంచి. పైన వాళ్ళిల్లు, అందులో భార్య ఒక్కతే ఉంది.

“తాళంచెవి మళ్ళీ మర్చిపోయారా? ఉండండి, వస్తున్నా,” అని ఆమె గొంతు వినిపించింది.

అతను మెట్ల దగ్గరికి పరుగెత్తి, పైన చీకట్లోకి చూస్తూ అరిచాడు. “తలుపు తియ్యకు! నేను కిందే ఉన్నాను!”

గడియ తీసిన చప్పుడైంది. టక్కుమనడం ఆగిపోయింది.

“ఇదేం విడ్డూరమండీ,” ఆమె ఎవరితోనో నవ్వుతూ అంటోంది, “మీరిక్కడుంటే కింద అరుస్తున్నదెవరు?”